బండికి ఇంటి నంబరు ఎవరిస్తారు?

మా మేనల్లుడి ఉద్యోగం పోయింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ప్రాజెక్టు అయిపోయిందన్నారు, కొన్నాళ్లు బెంచి మీద కూర్చోబెట్టారు, తర్వాత వాడి చేతనే రాజీనామా రాయించుకున్నారు. ఈ కథ ఇప్పుడు హనుమకొండలో ప్రతి వీధికీ తెలుసు కాబట్టి వివరాలు వద్దు. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత వాడికొచ్చిన ఆలోచన గురించి. ఫ్లాటు కొనే మాట పక్కన పెట్టాడు. పాత ఫోర్స్ ట్రావెలర్ వ్యాను ఒకటి కొని, సీట్లు పీకేసి, లోపల మంచం, పొయ్యి, సింకు, పైన సోలార్ పెట్టించుకుని అందులోనే ఉంటాడట. సెలవుల్లో తిరగడానికి అనుకునేరు. ఏడాది పొడుగునా ఉండడానికే.

"ఇల్లు కొంటె ఇరవై ఏండ్లు కట్టాలె మామా. బండైతే మూడేండ్లల్ల నాదైతది. రేపు పని బెంగళూరుల దొరికితే బెంగళూరు పోత. దొరకకుంటె మీ ఇంటి ముంగట పెట్టుకుంట."

చుట్టాలందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే వాడి లెక్క తప్పేమీ కాదు. 30 లక్షల ఇంటి లోను, ఇరవై ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అంటే నెలకు 26 వేలు. అన్నీ కలిపితే 62 లక్షల పైమాట. బండికి ఆరు లక్షలు, లోపలి పనికి ఐదు లక్షలు వేసుకున్నాడు. జీతం వస్తుందో రాదో తెలియని మనిషి నెలకు 26 వేల బరువు నెత్తిన ఎందుకు పెట్టుకోవాలి? ఇల్లు కొనుక్కోమని వాడికి చెప్పే ధైర్యం నాకు లేదు.

కానీ "మీ ఇంటి ముంగట" అన్నాడు చూడండి, నా మనసు అక్కడ ఆగింది. ఈ పథకంలో ఇల్లు లేకుండా పోలేదు. వాడిది కాకుండా పోయింది, అంతే. నీళ్లు పట్టుకోవడానికి, బట్టలు ఉతకడానికి, జ్వరమొస్తే పడుకోవడానికి, బ్యాంకు ఉత్తరం రావడానికి ఎక్కడో ఒక ఇల్లు ఉండే తీరాలి. దాని ఖర్చు వాడి కాగితం మీద లేదు. బండి కాపురం ఖర్చు తగ్గించదని, ఆ ఖర్చును ఇంకొకరి గడప మీద పెడుతుందని నా అభిప్రాయం. వెనక ఇల్లున్నవాడికి అది బాగానే ఉంటుంది. కష్టకాలంలో దాన్నే ఆసరా అనుకునేవాడి సంగతే నాకు భయం.

అమెరికా వీడియోలు

వాడు నాకు పంపిన వీడియోలన్నీ అమెరికావి. చూశాను. 2008లో అక్కడ ఇళ్ల లోన్లు కుప్పకూలినప్పుడు ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, పెన్షన్ చాలని ముసలివాళ్లు చాలామంది వ్యాన్లలోకి మారారు. అదే ఏడాది అమెజాన్ కంపెనీ క్యాంపర్‌ఫోర్స్ అని ఒకటి మొదలుపెట్టింది. పండగ సీజనులో గోదాముల్లో సామాన్లు ఎత్తి సర్దడానికి బండ్లలో బతికేవాళ్లను పనిలోకి తీసుకుని, బండి నిలుపుకోవడానికి చోటు ఖర్చు ఇచ్చేది. డెబ్బై ఏళ్ల మనిషి గోదాములో రాత్రి డ్యూటీ చేయడం మావాడి వీడియోల్లో లేదు. అరిజోనా ఎడారిలో సూర్యాస్తమయమే ఉంది.

ఆ సూర్యాస్తమయం కూడా ఊరికే రాలేదు. అక్కడ కేంద్ర ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల దాకా ఉచితంగా మకాం వేయొచ్చు. అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరి దగ్గరైతే సీజనుకు కొంత ఫీజు కడితే సెప్టెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అక్కడే ఉండొచ్చు. బండిలో బతికేవాడి కోసం ప్రభుత్వమే ఒక చోటు చూపించిందన్నమాట. మనకు అలాంటి చోటు ఏది? లక్నవరం చెరువు గట్టు మీద రెండు రాత్రులు ఆపితే మూడో రోజు ఎవరో ఒకరు వచ్చి అద్దం మీద కొడతారు.

అక్కడ కూడా అన్ని ఊళ్లూ రానివ్వవు. బయటి స్థలాల్లో మకాం వేయొద్దని ఊళ్లు పెట్టుకున్న నిబంధనలు చెల్లుతాయని, జరిమానా వేయొచ్చని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసు అది. 

వీటన్నిటికంటే నన్ను ఆపిన విషయం ఇంకోటి ఉంది. బండిలో బతికే అమెరికన్లలో చాలామంది కాగితాల మీద సౌత్ డకోటా రాష్ట్రం వాళ్లు. ఒక్క రాత్రి అక్కడ ఏ క్యాంపులోనో బస చేసిన రసీదు, ఉత్తరాలు తీసుకుని పంపించే ఏజెన్సీ ఇచ్చిన అడ్రసు ఉంటే ఆ రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్సు ఇస్తుంది. అంత స్వేచ్ఛగా తిరిగేవాళ్లు కూడా డబ్బు కట్టి ఒక అడ్రసు కొనుక్కుంటున్నారు.

స్టిక్కర్ ఎక్కడ అతికిస్తారు

2014 ఆగస్టు 19 మనకు గుర్తే. సమగ్ర కుటుంబ సర్వే. ముంబై, భివండి, సూరత్‌ల నుంచి జనం రైళ్లు కిక్కిరిసి వచ్చారు. ఆ ఒక్కరోజు ఇంట్లో కనపడకపోతే లెక్కలోంచి పోతామన్న భయం. మా పక్కింటాయన తమ్ముడు భివండిలో మరమగ్గం పని వదిలి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చి, గడప మీద కూర్చుని పేరు రాయించుకుని మళ్లీ రాత్రి బండెక్కాడు. 2024 నవంబర్‌లో మళ్లీ ఇంటింటి సర్వే వచ్చింది. ముందు తలుపులకు స్టిక్కర్లు అతికించారు, తర్వాత ప్రశ్నలతో వచ్చారు. మా గేటుకు ఆ స్టిక్కర్ సగం ఇంకా ఉంది.

ట్రావెలర్‌కు స్టిక్కర్ ఎక్కడ అతికిస్తారు?

వెటకారానికి అడగడం లేదు. రేషన్ కార్డు ఇంటికి. 200 యూనిట్ల ఉచిత కరెంటు ఇంటి మీటరుకు. ఇందిరమ్మ ఇంటికి ఐదు లక్షలు ఇచ్చేది జాగా ఉన్నవాడికి. రేషన్ ఏ షాపులోనైనా తీసుకోవచ్చు కదా అంటాడు మావాడు. నిజమే, తీసుకోవచ్చు. మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం మన రాష్ట్రంలో ఎక్కడైనా ఇస్తారు. కానీ ముందు ఆ కార్డులో పేరు ఎక్కాలంటే ఒక ఊరు, ఒక ఇంటి నంబరు కావాలి. జీతం ఉన్నన్నాళ్లు ఇవన్నీ మనకు చిల్లర విషయాలే. జీతం ఆగిన రోజునే వాటి విలువ తెలుస్తుంది. బండిలోకి మారదామనే ఆలోచన కూడా సరిగ్గా ఆ రోజునే వస్తుంది.

జనాభా లెక్కల వాళ్లయితే ఇంకా నిక్కచ్చిగా ఉంటారు. ఇల్లు లేనివాళ్లను విడిగా, ఒకే రాత్రిలో లెక్కపెడతారు. 2011లో అది ఫిబ్రవరి 28 రాత్రి. ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, హ్యూమ్ పైపుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పడుకునేవాళ్లు ఆ జాబితా కిందికి వస్తారు. రోడ్డు పక్కన బండిలో పడుకున్న మావాడు ఆ రాత్రి దొరికితే, లోపల ఎంత మంచి ప్లైవుడ్ వాడాడో ఎన్యుమరేటరు చూడడు.

నా పని వైపు నుంచి

నేను బతికేది వాహన బీమాల మీద. కాబట్టి ఈ ముక్క కొంచెం చేదుగా ఉంటుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ తయారుచేసిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2021లో కేరళలో ఇద్దరు వ్లాగర్ అన్నదమ్ముల ట్రావెలర్‌ను అక్కడి రవాణా శాఖ పట్టుకుంది, అదే మార్పుల గొడవ. చట్టంలో దారి అసలే లేదని కాదు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే తరగతి ఉంది, మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణమూ ఉంది. అయితే ఆ ప్రమాణానికి తగ్గట్టు చేయించి, ఆర్సీలో ఎక్కించడం వేరు. మనకు తెలిసిన కార్పెంటరు చేత మంచం కొట్టించుకోవడం వేరు. మావాడి ఐదు లక్షల లెక్క రెండోదానికి.

కొన్నేళ్ల క్రితం నా కస్టమరు ఒకాయన చిన్న ట్రాలీని టిఫిన్ బండిగా మార్చాడు. రేకులు, షట్టరు, గ్యాస్ పొయ్యి. బోణీ బాగుంది, పొద్దున పదికల్లా ఇడ్లీ పిండి అయిపోయేది. ఒకరోజు మంటలంటుకుని బండి పోయింది. ఆర్సీలో అది సరుకు రవాణా బండి. లోపల పొయ్యి ఉన్నట్టు కాగితంలో లేదు. క్లెయిము తిప్పికొట్టారు. ఆయన నా ముందు కూర్చుని "ఏడాదికోసారి కట్టించుకున్నరు గద సార్" అన్నాడు. కట్టించుకున్నది నేనే. ఆయనకు పోయింది దుకాణం ఒక్కటే, సాయంత్రం వెళ్లడానికి ఇల్లుంది. మావాడి బండికి అదే జరిగితే మంచం, బట్టలు, లాప్‌టాప్, సర్టిఫికెట్లు ఒకే మంటలో పోతాయి.

విలువ సంగతి కూడా చెప్పాలి. బీమా లెక్కలో బండి ధర ఏటా ఎంత తగ్గుతుందో పట్టికే ఉంది. నాలుగేళ్లు దాటి ఐదో ఏడు వచ్చేసరికి సగం. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ అయిపోతుంది, మళ్లీ చేయించుకోవాలి. పాత ట్రావెలర్ అంటే అందులో సగం ఇప్పటికే అయిపోయి ఉంటుంది. కష్టకాలంలో అమ్ముకోవడానికో, కుదువ పెట్టుకోవడానికో ఏదో ఒకటి ఉండాలనుకునేవాడికి ఇంతకంటే ఒక గుంట జాగా నయం.

మే నెల

ఈ ఆలోచన వాడికి డిసెంబరులో వచ్చింది. మన దగ్గర డిసెంబరులో ఎవరికైనా వస్తుంది.

ట్రావెలర్ పైన పెద్ద సోలార్ ప్యానెళ్లు రెండు పడతాయనుకుందాం. రెండూ కలిపి ఒక కిలోవాట్. మంచి ఎండ ఉంటే రోజుకు నాలుగు యూనిట్లు. ఒక టన్ను ఏసీ రాత్రంతా తిరిగితే ఐదారు యూనిట్లు తాగుతుంది. ఫ్రిజ్, ఫ్యాను, లాప్‌టాప్ ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా ఎండలో పెడితేనే సోలార్ పనిచేస్తుంది. ఎండలో పెడితే వరంగల్ మే నెలలో ఆ రేకు పెట్టెలో మనిషి ఉండలేడు. చింతచెట్టు కింద పెడితే మనిషి ఉంటాడు, కరెంటు ఉండదు. మందంగా ఇన్సులేషన్ వేయిస్తానన్నాడు. వేయించనీ. మధ్యాహ్నం మూడింటికి ఆర్టీసీ బస్సు కిటికీ ఊచ పట్టుకున్న ఎవరినైనా అడగండి, రేకు ఎంత కాలుతుందో చెబుతారు.

వానలు ఇంకో కథ. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వారం మోరంచపల్లి మొత్తం మునిగింది. 2025 అక్టోబర్ చివర్లో తుపానుకు హనుమకొండ కాలనీల్లో కార్లు తేలాయి. నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిను పాడైతే మామూలు పాలసీ ఇవ్వదు, దానికి విడిగా కవరు తీసుకోవాలి. ఈ మాట ఆ నెలలో ఎంతమందికి చెప్పానో.

ఇక టాయిలెట్ సంగతి. మావాడు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పెట్రోలు బంకులున్నయి గద మామా." పక్క గదిలో నుంచి మా ఆవిడ వింటోంది. వాడు వెళ్లాక నన్ను అడిగింది: "వాడు మొగపిల్లగాడు కాబట్టి మీరు గింత సేపు లెక్కలు చూస్తున్నరు. ఇదే మాట మన బిడ్డ అడిగితె?" లెక్కలు చూసేవాణ్ని కాదు. వినేవాణ్నే కాదు.

కోత మిషన్ మీద మనిషి

నేను మరీ ఏకపక్షంగా మాట్లాడుతున్నానేమో. బండి మీద బతికేవాళ్లు మనకు కొత్తా? లంబాడీల పూర్వులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. రైలొచ్చాక ఆ వ్యాపారం పోయింది. మన మీదుగా బెజవాడకు 1889లోనే రైలు నడిచింది. ఆ తిరిగే బతుకు వల్ల వాళ్లకు దక్కింది ఏమిటి? 1871లో బ్రిటిష్ వాళ్లు చేసిన నేరస్థ జాతుల చట్టం. ఒకచోట ఉండని మనిషిని పుట్టుకతోనే దొంగగా రాసుకున్న చట్టం అది. 1952 ఆగస్టు 31న గానీ ఆ ముద్ర కాగితం మీద పోలేదు. జనం మనసులో పోయిందా అంటే, ఊరి బయట గుడారాలు వేసుకున్న సంచార జాతుల వాళ్లను మొన్న మొన్నటి దాకా ఎలా చూశామో మనకే తెలుసు. ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడి బండిని ఆ చూపు చూడకపోవచ్చు. కొన్నాళ్లు.

గత యాసంగి కోతలప్పుడు పరకాల వైపు పోతే, పొలం గట్టు దగ్గర హార్వెస్టర్ ఆగి ఉంది. పంజాబ్ డ్రైవరు. ఏడాదిలో సగానికి పైగా మిషన్ వెంటే తిరుగుతాడట. దాని నీడలోనే వంట, దాని పక్కనే పడక. నా తలలో మావాడి సంగతి తిరుగుతోంది కాబట్టి, ఇలా తిరగడం ఎలా ఉంటుందని అడిగాను. ఆయన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. ఊళ్లో కట్టుకుంటున్న ఇల్లు. స్లాబ్ పడింది, ప్లాస్టరింగ్ మిగిలింది. గచ్చు ఏ రంగు వేయించాలో భార్యతో గొడవట. నేనడిగిన ప్రశ్నకు అదే జవాబు అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

తాళం వేసిన ఇళ్లు

అయితే మావాడు ఊరుకోలేదు. జగిత్యాల చూపించాడు.

"ఆడికి పోయి చూడు మామా. దుబాయి పైసలతోటి కట్టిన ఇండ్లు. రెండంతస్తులు, టైల్సు, అన్నీ ఉన్నయి. తాళమేసి ఉంటయి. కట్టినోడు క్యాంపుల ఒక గదిల ఎనిమిది మందితోటి పండుకుంటడు. ఆ ఇల్లు ఎవనికి ఆసరా అయింది?"

ఈ ప్రశ్న నన్ను కొన్ని రోజులు నిద్రపోనివ్వలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో అలాంటి ఇళ్లు నేనూ చూశాను. పదిహేనేళ్లు ఇసుకలో పనిచేసి కట్టుకున్న ఇంట్లో మొత్తం పదిహేను నెలలు ఉండనివాళ్లున్నారు. ఇంటి కోసం అప్పు, అప్పు కోసం మళ్లీ వీసా. ఇల్లే మనిషిని ఇంటికి రానివ్వదు. ఈ లెక్కన చూస్తే బండి నయమే. కనీసం నీతోపాటు వస్తుంది.

కానీ ఆలోచించగా ఒకటి తట్టింది. 2014లో ఆ ఒక్కరోజు కోసం వచ్చినవాళ్లు అంత దూరం వచ్చింది ఈ తాళాలు తీయడానికే. భార్య డ్వాక్రా సంఘంలో ఉండేది ఆ ఊరి పేరుతో. పిల్లలు బడిలో చేరేది ఆ అడ్రసుతో. గల్ఫ్‌లో ప్రాణం పోతే పెట్టె వచ్చేది ఆ గడపకే. అక్కడ అతిగా ఉన్నది రెండో అంతస్తు, టైల్సు, అప్పు. నంబరున్న తలుపు ఒక్కటే అక్కరకొచ్చింది. దానికి రెండంతస్తులు అక్కర్లేదు, 30 లక్షలు అసలే అక్కర్లేదు.

నేను వాడితో వాదించేటప్పుడు ఇంతసేపూ ఫ్లాటునూ బండినీ పక్కపక్కన పెట్టి చూశాం. హైదరాబాద్ ఫ్లాటు పక్కన ఏది పెట్టినా చవగ్గానే కనిపిస్తుంది. బండిని పోల్చాల్సింది హనుమకొండలో రెండు గదుల పోర్షన్‌తో.

మా అక్క ఇంటి పైన అలాంటిదే ఒకటి ఖాళీగా ఉంది. ఆ మాటంటే వాడు మొదటిసారి ముఖం తిప్పుకున్నాడు. "ఆ వీధిల ఉంటే పొద్దున పాలకు పోయినా అడుగుతరు మామా, ఎన్ని రోజుల సెలవు అని." అప్పుడు అర్థమైంది. సోలారూ ఈఎంఐలూ అన్నీ నిజమే గానీ, వాడికి కావాల్సింది ఎవరూ ఏమీ అడగని చోటు. బండి ఆ ఒక్క పని మాత్రం చేస్తుంది. కదిలే ఇంటికి పక్కింటివాళ్లు ఉండరు. దీనికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏ లెక్కా లేదు. మన వీధులు ఉద్యోగం పోయినవాణ్ని ఎలా చూస్తాయో నాకూ తెలుసు. అడిగేవాళ్లలో నాలాంటి మామలే ఎక్కువ.

ప్రభుత్వాన్ని అడగదగ్గది కూడా ఒకటుంది. రెండేళ్లకోసారి మేడారంలో బండ్లలో, ట్రాక్టర్లలో, ఎడ్లబండ్ల కింద లక్షల మంది నాలుగు రోజులు కాపురం చేస్తారు. అంతమందికి నల్లాలు, మరుగుదొడ్లు, లైట్లు, పార్కింగు పెట్టగలుగుతున్నాం. ఛత్తీస్‌గఢ్ పోయే భూపాలపట్నం రోడ్డు మీద అలాంటి చోటు ఏడాదంతా ఒకటుంటే, డబ్బులు కట్టించుకునైనా సరే, లారీ డ్రైవర్లు, కోత మిషన్ల వాళ్లు, సంచార జాతుల కుటుంబాలు ముందు వాడుకుంటారు. వాళ్ల తర్వాత వరసలో మావాడు నిలబడితే నాకేమీ అభ్యంతరం లేదు.

అంతవరకు, అక్క ఇల్లు వద్దంటే వడ్డేపల్లి చెరువు వైపు, వాణ్ని ఎవరూ ఎరగని వీధిలో ఒక పోర్షన్ చూశాను. అద్దె ఏడు వేలు. ఆరు నెలలకు 42 వేలు. బండిలో పెట్టే లిథియం బ్యాటరీకే వాడు అంతకంటే ఎక్కువ రాసుకున్నాడు. ఈ ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. పార్కింగు ఉందా అని అడిగాడు.